గుడ్ మార్నింగ్ చెప్పావా?

మాస్టారు పోయారని తెలిసిన పూట కూడా నేను తొందరలోనే ఉన్నాను. శనివారం. పాపని మా క్యారీ ఊళ్ళో అటు చివర ఎవరింట్లోనో పుట్టినరోజు పార్టీకి దింపాలి, అట్నుంచి అటే కిరాణా తేవాలి, మూడింటికల్లా ఒక వ్రతానికి తయారవ్వాలి. కారు తాళాలు చేతిలో ఉండగా ఫోన్ మోగింది. దీవిలో నాతో పాటు పనిచేసిన మలయాళీ సైన్సు టీచరు. ఏడేళ్ల తర్వాత వింటున్నాను ఆ గొంతు.

"మీ మాస్టారు మంగళవారం పోయారు. నీకు చెప్పేవాళ్ళు ఉన్నారో లేదోనని చేశాను" అన్నాడు.

"అలాగా" అని వాచీ చూసుకున్నాను. చూసుకున్న తర్వాత గానీ తెలియలేదు, చూసుకున్నానని. అంతకంటే సిగ్గుపడాల్సిన పనులు ఆ మనిషి విషయంలో నేను చేసి ఉన్నాను గానీ, ఆ క్షణానికి అదే నన్ను ఎక్కువ పొడిచింది.

దీవి అంటే అమెరికా వర్జిన్ ఐలాండ్స్‌లో ఒకటి. కరీబియన్ సముద్రం మధ్యలో ఉంటుంది. జెండా అమెరికాది, డాలరు అమెరికాది, పోస్టాఫీసు అమెరికాది. కార్లూ అమెరికావే, స్టీరింగు ఎడమ పక్కే. నడిపేది మాత్రం మన దేశంలోలాగా రోడ్డుకి ఎడమవైపున. ఈ ఒక్క సంగతి చాలు, ఆ ఊరు నన్ను ఎంత విసిగించిందో చెప్పడానికి. డెబ్భై తొమ్మిదిలో అక్కడి హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. అమెరికా వెళుతున్నానని ఊరంతా చెప్పుకుని వచ్చిన మనిషిని. వచ్చి చూస్తే రోజు విడిచి రోజు కరెంటు పోయేది. తాగడానికి, స్నానానికి అన్నిటికీ కప్పు మీద పడిన వాననీళ్ళే. ఇంటికింద తొట్టిలోకి వెళ్ళేవి. వాన లేకపోతే ట్యాంకరువాణ్ణి బతిమాలుకోవాలి. అసలు అమెరికాని అక్కడ అందరూ మెయిన్‌ల్యాండ్ అనేవారు. ఆ మాట వినపడినప్పుడల్లా స్టేషన్‌లో రైలు నన్ను వదిలేసి వెళ్ళిపోయినట్టు ఉండేది.

ఆ దీవి మీద తెలుగువాళ్ళం ఇద్దరమే, ఆయనా నేనూ. ఫిజిక్స్ చెప్పేవారు. యాభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా, ఎండైనా వానైనా నల్ల గొడుగుతో. పిల్లలు "టీచ్" అనేవారు, నేను "మాస్టారూ" అనేవాణ్ణి. ఆయనకి ఇంటి దగ్గర ఎవరున్నారో, ఎందుకు ఒంటరిగా ఉన్నారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నాకు తెలిసిందల్లా ఆయన పద్ధతులు. ఏదైనా ప్రశ్న అడిగితే ముందు కళ్ళద్దాలు తీసేవారు, చొక్కా అంచుతో ఒక అద్దం, తర్వాత రెండో అద్దం తుడిచేవారు, పెట్టుకునేవారు, అప్పుడు జవాబు. "మాస్టారూ, టైమెంతైంది?" అన్నా అంతే.

ఆయన కారు రంగు వెలిసిన ఒక పాత స్టేషన్ వ్యాగన్. పక్క సీటు తలుపు తెరుచుకునేది కాదు. డ్రైవరు వైపునుంచి ఎక్కి, గేరు మీద నుంచి కాలు దాటించి, అవతలికి జరగాలి. నేను అలా పాకుతుంటే ఆయన గొడుగు పట్టుకుని పక్కనే నిలబడి, "మెల్లిగా, మెల్లిగా. తొందరేముందయ్యా? దీవే కదా, ఎక్కడికి పోతుంది?" అనేవారు. ఆ మాట ఆయన నోట రోజుకి నాలుగైదుసార్లు వినేవాణ్ణి. ఒక్కసారి కూడా నాకు నవ్వు రాలేదు.

నేను దిగిన వారంలో రొట్టెల కొట్టుకి తీసుకెళ్ళారు. నేను గుమ్మంలోంచే "బ్రెడ్ ఉందా?" అన్నాను. కొట్టావిడ నా వంక చూడలేదు. మళ్ళీ అడిగాను. ఆవిడ గల్లా పక్కన ఈగల్ని తోలుతోంది. వెనకనుంచి మాస్టారు వచ్చి గొడుగు ముడిచి, "గుడ్ మార్నింగ్" అన్నారు, రాగం తీసినట్టుగా. ఆవిడ మొహం విప్పారింది. "గుడ్ మార్నింగ్, టీచ్!" అని, ఆయన జలుబు తగ్గిందా అని అడిగి, ఆయన ఆవిడ అల్లుడి సంగతి అడిగి, ఆ తర్వాతే బ్రెడ్ బయటికొచ్చింది.

"ఇక్కడ ఏ గుమ్మంలో అడుగు పెట్టినా ముందు గుడ్ మార్నింగ్. మజ్జాన్నం దాటితే గుడ్ ఆఫ్టర్‌నూన్. ఆస్పత్రి వరండాలో పదిమంది కూర్చుని ఉంటే పదిమందికీ కలిపి చెప్పాలి. అది చెప్పందే నువ్వు వాళ్ళ కంటికి ఆనవు" అన్నారు, కారు దగ్గరికి నడుస్తూ.

నాకు ఒళ్ళు మండింది. "మనూళ్ళో కొట్టుకెళ్ళి, 'ఏమయ్యా, అరకిలో కందిపప్పు' అంటాం. వాడు తూచి ఇస్తాడు. అందులో మర్యాద తక్కువేముంది మాస్టారూ?"

ఆయన అద్దాలు తుడుచుకున్నారు. "అక్కడ అది చాలు. నిన్ను చూడగానే నువ్వు ఎవరి కొడుకువో, ఎవరి మనవడివో వాడికి తెలుసు. ఇక్కడ నిన్నెవడెరుగును? మనిషిననైనా ముందు చెప్పుకో. పని చెప్పేసి పోవడానికి నువ్వేమన్నా టెలిగ్రామువా?"

ఆయన చెప్పింది అర్థమైంది. కానీ అర్థమైనంత మాత్రాన ఒంటబట్టదు కదా. అందులోనూ ఆయన దాన్ని సాగదీసే తీరు చూస్తే నాకు ఆ రెండు మాటల మీదే కసి పుట్టేది. రోడ్డు మధ్యలో ఎదురు కారు కనిపిస్తే ఆపేసేవారు. కిటికీకి కిటికీ ఆనించి కబుర్లు. వెనక నాలుగు కార్లు ఆగినా ఒక్కడూ హారన్ కొట్టడు. ఎవరి కిటికీ దగ్గర వాళ్ళు తమ వంతు కోసం చూస్తున్నట్టు కూర్చునేవాళ్ళు. పావుగంట దారి ఆయనతో వెళితే గంటన్నర.

ఇక డిసెంబరు వస్తే ఆ దీవి పూర్తిగా చేతులెత్తేసేది. అక్కడ క్రిస్మస్ ఒక రోజు కాదు. నెల మొదట్లో మొదలై జనవరి ఆరున, బాల ఏసుని చూడ్డానికొచ్చిన ముగ్గురు రాజుల పండగ ఊరేగింపు దాకా సాగుతుంది. వీధుల్లో స్టీలు డ్రమ్ములు, పొడుగాటి కర్రకాళ్ళ మీద నడిచే వేషగాళ్ళు. ఆఫీసులు సగం రోజే, అదీ తెరిస్తే. రేవులో ఓడ ఆగిందంటే టాక్సీలన్నీ టూరిస్టుల వెనకే. బ్యాంకులో పని, ట్యాంకరు, కారు రిపేరు, ఏదడిగినా "పండగ వెళ్ళాక" అనేవారు. నేను పళ్ళు కొరుక్కునేవాణ్ణి.

మాస్టారు మాత్రం ఆ నెలంతా జంతికలు చేసేవారు. ట్రినిడాడ్ నుంచి వచ్చిన వాళ్ళ కొట్లో శనగపిండి, వాము దొరికేవి. బియ్యం నానబెట్టి, ఆరబెట్టి, మిక్సీలో తనే పట్టుకునేవారు. ఇంటినుంచి తెచ్చుకున్న ఇత్తడి గొట్టం. ఏడాది పొడవునా దాచిన కాఫీ డబ్బాలు కడిగి, వాటిలో జంతికలు నింపి, ఒక్కో డబ్బా మీద ఒక్కో పేరు రాసి, ఇంటింటికీ తిరిగి ఇచ్చేవారు. పాతిక ముప్పై ఇళ్ళు. వాళ్ళు ఆయనకి స్వీట్ బ్రెడ్ ముక్కలు, ఏదో ఎర్రటి పండ్ల పానకం పెట్టేవారు. హిందువుల పండగ కాదు, ఆయన చర్చికి వెళ్ళే మనిషీ కాదు. "ఇదెందుకు మాస్టారూ మీకు?" అంటే, "వాళ్ళ పండగపూట మన గుమ్మం మూసుంటే ఏం బాగుంటుందయ్యా" అనేవారు.

ఎనభై ఒకటి డిసెంబరులో నాకు నార్త్ కరోలినాలో ఒక కంప్యూటర్ కంపెనీ నుంచి ఉద్యోగం వచ్చింది. ఆ ఉత్తరం పండగ తపాలాలో నలిగి నలిగి ఇరవైమూడో తేదీ సాయంత్రం నా చేతికి చేరింది. సంతకం చేసిన కాగితం నెలాఖరులోగా మాకు అందాలి, లేకపోతే తర్వాతి మనిషిని పిలుస్తాం అని అందులో రాశారు. వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేస్తే సెలవుల్లో ఉన్నామని రికార్డు పలికింది. ఇరవైనాలుగు మధ్యాహ్నం పన్నెండుకి మా టౌన్ పోస్టాఫీసు మూస్తారు. ఆ తపాలా సంచీ పోతే మళ్ళీ పండగ వెళ్ళాకే. నాకు కారు లేదు. టాక్సీలు ఓడ దగ్గరున్నాయి. మాస్టారికి ఫోన్ చేశాను.

"తొమ్మిదింటికి వస్తాను, నేనున్నాగా" అన్నారు.

తొమ్మిది నలభైకి వచ్చారు. వెనక సీటు నిండా కాఫీ డబ్బాలు.

"దారిలోవే, నాలుగిళ్ళు" అన్నారు.

"మాస్టారూ, పన్నెండుకి మూసేస్తారు!"

"పన్నెండుకి కదా. తొందరేముందయ్యా..."

మిగతా సగం వినకుండా గేరు దాటి పాకాను.

మొదటి ఇల్లు ఆయన పక్కింటి పెద్దావిడది. కారు బయల్దేరిన రెండు నిమిషాలకే ఆగింది. ఆవిడ గేటు దాకా కుంటుకుంటూ వచ్చింది. గుడ్ మార్నింగులు అయ్యాయి. తర్వాత ఆవిడ మోకాళ్ళ సంగతి. కుడి మోకాలు వానకి ముందు నొప్పి పెడుతుంది, ఎడమది వాన వెలిశాక. ఏ తైలం రాసింది, ఏ డాక్టరు ఏమన్నాడు. ఈయన గొడుగు ఆవిడకి పట్టి, ఊకొడుతూ, "మరి మెట్లెక్కేటప్పుడో?" అని అడిగి మరీ చెప్పించుకున్నారు. నేను కారులోంచి వాచీ చూపించాను. ఆవిడ నాకేసి చూసి చెయ్యి ఊపింది. నేను తల తిప్పుకున్నాను. పావుగంట పోయింది అక్కడ. మిగతా మూడిళ్ళూ అంతే. టౌన్‌లోకి వచ్చేసరికి పదకొండు ముప్పావు. ఎదురుగా ఊరేగింపు రిహార్సలు, వీధి నిండా పిల్లలు. కారు కదలదు. మాస్టారు కిటికీలోంచి తల బయటికి పెట్టి ఎవరినో పలకరిస్తున్నారు. ఆయన్ని ఇవతలికి లాగి, ఆయన మీద నుంచే దిగి పరిగెత్తాను.

పోస్టాఫీసులో జనం లేరు. కిటికీ దగ్గర ఒకావిడ స్టాంపులు సర్దుకుంటోంది. గోడ గడియారంలో ఇంకా ఐదు నిమిషాలున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఎక్స్‌ప్రెస్! నార్త్ కరోలినా!" అని కవరు పెట్టాను.

ఆవిడ తలెత్తలేదు. "గుడ్ మార్నింగ్."

"ఆ, ఆ. ఎక్స్‌ప్రెస్. ఈ సంచీలోనే పోవాలి."

"గుడ్ మార్నింగ్."

అప్పుడైనా అని ఉంటే సరిపోయేది. నోట్లో రెండు మాటలు. కానీ పొద్దుట్నుంచీ ఆ రెండు మాటలే నా పీకల మీద కూర్చున్నాయి. ఆ రెండు మాటల వల్లే నా టైమంతా పోయింది. ఇప్పుడు ఈవిడ కూడా! నా గొంతు లేచింది. "నాకు ఐదు నిమిషాలే ఉంది, తెలుస్తోందా మీకు?"

ఆవిడ అప్పుడు చూసింది. కోపంగా కాదు. "గుడ్ మార్నింగ్ చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టదు" అంది. మళ్ళీ స్టాంపులు.

నేను కౌంటరు మీద గుద్దాను. నేను పన్ను కట్టే మనిషిననీ, ఇలాంటి ఊరు ప్రపంచంలో ఎక్కడా లేదనీ, ఇంకా ఏవేవో అన్నాను. అంటూ ఉండగానే వెనకతలుపు దగ్గర సంచీని బండిలోకి ఎత్తేశారు. ఆవిడ కిటికీ రేకు దించేసింది. కవరు ఇవతలే ఉండిపోయింది.

మాస్టారు అప్పుడొచ్చారు. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో కాఫీ డబ్బా. జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పాను. ఆయన అద్దాలు తీసి, ఒకటి తుడిచి, రెండోది తుడిచి, పెట్టుకుని అన్నారు:

"గుడ్ మార్నింగ్ చెప్పావా?"

ఆ తర్వాత నేనన్న మాటలు ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను, అనడానికి నోరొచ్చింది కాబట్టి. "మీ జంతికలు నా ఉద్యోగాన్ని మింగేశాయి. మీకేం మాస్టారూ? మీరు ఎక్కడికీ పోయేది లేదు. మీకోసం ఎదురుచూసేవాళ్ళు భూమ్మీద ఎవరూ లేరు. అందుకే దారినపోయేవాళ్ళందరికీ సలాములు కొట్టుకుంటూ తిరుగుతారు!"

ఆయన మళ్ళీ అద్దాలు తీశారు. ఈసారి తుడవలేదు. చేతిలో పట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి డబ్బా నా వైపు చాపారు. మూత మీద నా పేరు ఉంది. నేను తీసుకోలేదు. కవరు అక్కడే వదిలేసి, ఆ ఎండలో ఐదు మైళ్ళు నడిచి ఇంటికి పోయాను.

పండగంతా తలుపేసుకుని కూర్చున్నాను. జనవరిలో కంపెనీ ఆఫీసు తెరిచాక బతిమాలుకుందామని ఫోన్ చేస్తే, "మీ కాగితం ముప్పయ్యో తేదీనే అందింది కదా, ఎప్పుడు వస్తున్నారు?" అన్నారు. ఆ రోజే స్టాఫ్ రూమ్‌లో మలయాళీ ఆయన చెప్పాడు. మాస్టారు ఆ కవరు తీసుకుని పోస్టాఫీసు నుంచి నేరుగా విమానాశ్రయానికి వెళ్ళారట. ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడి తండ్రి పైలట్. అతను మధ్యాహ్నం విమానంతో మెయిన్‌ల్యాండ్ చేరి అక్కడ పోస్టు చేశాడట. స్కూలంతటికీ తెలుసు ఈ సంగతి, నాకు తప్ప.

వెళ్ళి కాళ్ళమీద పడాల్సింది. పోనీ, థాంక్స్ అనాల్సింది. నేను మాత్రం ఆయన ఎదురు రాకుండా కారిడార్లు మార్చుకుని నడిచాను. అన్న మాటలు పెద్దవి. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? ఇవాళ కాదు, రేపు అనుకున్నాను. రేపు కాదు, వెళ్ళేముందు అనుకున్నాను. వెళ్ళే రోజు పొద్దున్నే టాక్సీ ఆయన ఇంటిమీదుగానే పోయింది. ఆయన గేటు దగ్గర గొడుగుతో ఉన్నారు. డ్రైవరు అక్కడి అలవాటు ప్రకారం స్లో చేశాడు.

"ఆపొద్దు, టైమ్ లేదు" అన్నాను.

విమానానికి ఇంకా రెండు గంటలుంది. డ్రైవరు అద్దంలో నన్ను ఓసారి చూసి పోనిచ్చాడు. మాస్టారు గొడుగు పైకెత్తారు. "గుడ్ మార్నింగ్!" అన్నారు, అదే రాగం. టాక్సీకి అన్నారో, నాకు అన్నారో. నేను ఒళ్ళో బ్యాగు జిప్పు సర్దుకున్నాను.

ఏడేళ్లు. ప్రతి డిసెంబరులోనూ ఒక కార్డు కొన్నాను. "మాస్టారికి" అని రాసి, తర్వాత మాట తోచక సొరుగులో పడేశాను. ఇక్కడ ఆఫీసులో అందరూ "హౌ ఆర్ యూ" అంటూ నడుస్తూ పోతారు, జవాబు కోసం ఎవరూ ఆగరు. నేనూ ఆగను. నేను కోరుకున్న ఊరే ఇది.

శనివారం పాపని పార్టీలో దింపాను. కిరాణాకి వెళ్ళలేదు, ఇంటికి వచ్చేశాను. ఆయన నంబరు నాకింకా నోటికి వచ్చు. అంత్యక్రియలు ఎప్పుడో తెలిస్తే విమానం ఎక్కుదామని. ఆఖరికి అప్పుడైనా.

చాలాసేపు మోగాక ఎవరో తీశారు.

"నేను అమెరికా నుంచి. మాస్టారి అంత్యక్రియలు ఎప్పుడు?"

జవాబు లేదు. వెనకాల ఎక్కడో కోడి కూస్తోంది.

"హలో? వినపడుతోందా? అంత్యక్రియలు ఎప్పుడు?"

మళ్ళీ నిశ్శబ్దం. లైను పోయిందేమోనని విసుక్కుని పెట్టేయబోయాను. అప్పుడు ఒక ముసలి గొంతు, మెల్లిగా, "గుడ్ ఆఫ్టర్‌నూన్" అంది.

నిలబడ్డవాణ్ణి కూర్చున్నాను. అవతలావిడ తొందరపెట్టలేదు.

"గుడ్ ఆఫ్టర్‌నూన్, అమ్మా" అన్నాను.

"గుడ్ ఆఫ్టర్‌నూన్, నాయనా. నిన్ననే అయిపోయింది. ఊరంతా వచ్చింది. నేను పక్కింటిదాన్ని, ఆయన సామాను సర్దడానికి వచ్చాను. నువ్వెవరు?"

చెప్పాను. "ఓ, నువ్వా" అంది ఆవిడ. నా పేరు ఆమెకి తెలుసు. ఎలా తెలియదు, నేను తీసుకోని ఆ డబ్బా ఇంకా ఆ ఇంట్లోనే ఉందేమో, సర్దుతూ మూత మీద చదివి ఉంటుంది. నేను క్షమించమందామనుకున్నాను, ఎవరిని అడగాలి? ఫోన్ పెట్టేస్తే అయిపోతుంది. వ్రతానికి టైమవుతోందని మా ఆవిడ గుమ్మంలో నిలబడి సైగ చేస్తోంది.

"మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయమ్మా?" అన్నాను.

"ఎవరు చెప్పారు నీకు నా మోకాళ్ళ సంగతి!" అని నవ్వింది ఆవిడ. ఆ నవ్వులోనే ఏడ్చింది. "కుడిది ఫరవాలేదు. ఎడమదే... అబ్బో, అది పెద్ద కథ. నీకు పని ఉందేమో."

"చెప్పండమ్మా. మెట్లెక్కేటప్పుడు ఎలా ఉంటోంది? నాకేం తొందర లేదు" అన్నాను.